పులిజూదము: గీతలలోని చరిత్ర

నెల్లూరు సీమలో పాత గుడి మంటపములలోనో, సత్రముల అరుగులమీదనో, ఊరి రచ్చబండమీదనో కూర్చున్నవారికి ఒక్కొక్కప్పుడు కాళ్లక్రింది బండపై కొన్ని గీతలు కనబడును. పైన ఒక కొన. ఆ కొననుండి విసనకఱ్ఱవలె విచ్చుకొని దిగిన నాలుగు గీతలు. వానిని అడ్డముగ ఖండించిన మఱికొన్ని గీతలు. శాసనమేమో యని వంగి చూచినవారికి అందులో ఒక్క అక్షరమైనను దొరకదు. రాజు పేరు లేదు, శకవర్షము లేదు, దాత ప్రశంస లేదు. అది పులిజూదపు పటము. మన పెద్దలు తీరిక వేళల గులకరాళ్లతో, చింతపిక్కలతో, సముద్రపుటొడ్డు పల్లెలలో గవ్వలతో ఆడుకొనిన ఆట అది.

ఈ కాలమున గణనయంత్రములమీదను, చేతిఫోనులమీదను యుద్ధవ్యూహముల ఆటలు ఆడు యువకులు తమ ఆటలను విమర్శించునపుడు రెండు ప్రశ్నలు వేయుట కలదు. కూర్పులో లోపమెక్కడ నున్నది? ఒకసారి ముగిసిన పిమ్మట మరల ఆడవలెనను కోరిక పుట్టునా? ఈ రెండును మంచి ప్రశ్నలే. అచ్చు పుస్తకము లేక, రాజాదరణ లేక, ఒక నోటినుండి మఱొక నోటికి దిగివచ్చిన మన పులిజూదమును గూర్చియు ఇవే ప్రశ్నలు వేసి చూతము. ఈ పరీక్షలో ఆట చరిత్రయు కొంత బయటపడును.

ముందుగా పేరును విచారింతము. జూదమను మాట సంస్కృతమునందలి ద్యూతమునుండి పుట్టినది. ద్యూతమనగానే మనకు పాచికలు, పందెము, ధర్మరాజు జ్ఞప్తికి వచ్చును. నెల్లూరేలిన మనుమసిద్ధి కొలువులోని తిక్కన సోమయాజి 13వ శతాబ్దమున మహాభారతమును విరాటపర్వమునుండి తెనిగించెను. ఆ పర్వములోనే సర్వస్వమును జూదములో పోగొట్టుకొనిన ధర్మరాజు, కంకుభట్టను మాఱుపేరుతో, విరాటుని కొలువులో మరల పాచికలే ఆడుచు ఏడాది గడపెను. అట్టి జూదమునకును పులిజూదమునకును పేరులో తప్ప పోలిక లేదు. ఇందులో పాచిక పడదు. అదృష్టమునకు చోటు లేదు. పందెము కాయవలసిన పని లేదు. ఎదుటివాని కాయలన్నియు కన్నులయెదుటనే యుండును. ఓడినవాడు దైవమును నిందింప వీలులేని జూదమిది.

ఇక పటము. చదువరులు ఒక కాగితము తీసికొని మాతోపాటు గీసికొనినచో తరువాతి మాటలు సులభముగ బోధపడును. పైన ఒక కొన పెట్టుడు. అచటినుండి నాలుగు గీతలు క్రిందికి దింపి, వాని అడుగు కొనలను ఒక అడ్డగీతతో కలుపుడు. ఇది త్రికోణము. దాని నడుమ మూడు అడ్డగీతలు గీసి, ఆ మూడింటిని త్రికోణమునకు ఇరుప్రక్కల కొంత బయటికి సాగనిచ్చి, ఆ బయటి కొనలను ఎడమ ప్రక్క ఒక నిలువుగీతతోను కుడి ప్రక్క ఒక నిలువుగీతతోను కలుపుడు. ఇప్పుడు గీతలు కలిసిన కూడళ్లను లెక్కింపుడు. పై కొన 1. మూడు అడ్డగీతలమీద ఒక్కొక్కదానికి 6 చొప్పున 18. అడుగు గీతమీద 4. మొత్తము 23.

ఈ 23 కూడళ్లమీద 3 పులులు, 15 మేకలు తిరుగును. సాధారణముగ ఒక పులి పై కొనయందును, తక్కిన రెండు దాని దిగువ మొదటి అడ్డగీత లోపలి కూడళ్లయందును నిలుచును. మేకలవాడు ఒక్కొక్క మేకను ఖాళీ కూడలిలో పెట్టుచుండును. అతడు ఒకటి పెట్టినప్పుడెల్ల పులులవాడు ఒక పులిని కదపును. పులి ప్రక్క కూడలికి నడువవచ్చును. లేదా ప్రక్కనున్న మేకమీదుగ అదే గీతలో ఆవలి ఖాళీ కూడలికి దూకి ఆ మేకను తీసికొనిపోవచ్చును. మేకకు చంపు శక్తి లేదు. 15 మేకలును దిగిన పిదప అవియు ఒక్కొక్క అడుగు నడువనేర్చును. మూడు పులులకును కదలుటకు దారి లేకుండ కట్టివేసినచో మేకలు గెలిచినవి. మంద పలుచబడి ఇక కట్టలేనిస్థితికి వచ్చినచో పులులు గెలిచినవి.

ఇందులోని విశేషము ఇప్పటికే చదువరులకు తోచియుండును. చదరంగములో ఇరువురికిని ఒకే సేన. ఇచట ఒక్కొక్కరిది ఒక్కొక్క వేషము. ఒకడు క్రూరమృగము, మఱొకడు మందకు కాపరి. నెల్లూరు మెట్టసీమవారికి కాపరితనము క్రొత్తది కాదు. దేశమునందలి గొఱ్ఱెలలో పొడవైనదిగ పేరు గాంచిన నెల్లూరు గొఱ్ఱె ఈ జిల్లా పేరుతోనే వెలసినది. పల్ల, జోడిపి, దోర అని అందులో మూడు తెగలు. పొడవు కాళ్లతో, పొట్టి వెండ్రుకలతో దూరమునుండి అది మేకవలెనే కనబడును. మందను చెదరనీయక నడుపుటయనగా నేమో ఎఱిగిన జనులకు ఈ ఆట నియమములు బోధింప ఎంతసేపు పట్టియుండును?

చరిత్ర విషయమునకు వత్తము. దక్షిణాపథమున ఇట్టి పటములు విజయనగర కాలపు కట్టడములలో విరివిగ కనబడును. హంపీ శిథిలములలోని మంటపముల నేలలమీద పులిజూదమునకును, ఇతరమైన ఆటలకును చెక్కిన గీతలు నేటికిని చూడవచ్చును. అయితే అచట ఒక జాగ్రత్త అవసరము. రాతినేలమీది గీత ఆ నేల పఱచిన తరువాతిదని మాత్రమే ఆ రాయి చెప్పగలదు. ఎంత తరువాతిదో చెప్పజాలదు. మంటపము కట్టిన శిల్పి మధ్యాహ్నపు విశ్రాంతిలో చెక్కుకొనవచ్చును. కావలి భటుడు చెక్కవచ్చును. 1565లో రాజధాని పాడుపడిన పిమ్మట ఆ నీడలో మేకలను నిలుపుకొనిన కాపరియు చెక్కవచ్చును. కనుక గుడి శాసనమునందలి సంవత్సరమును చూచి ఆటకు అదే వయస్సని చెప్పుట తొందరపాటగును.

రాజుల ఆటలకు ఈ చిక్కు లేదు. పశ్చిమ చాళుక్య రాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున సంస్కృతములో రచించిన మానసోల్లాసము చతురంగమును, పాచికల ఆటను, గవ్వల ఆటను విస్తరించి వర్ణించినది. 1514లో మన ఉదయగిరి దుర్గమును పట్టుకొనిన శ్రీకృష్ణదేవరాయలతో బొడ్డుచెర్ల తిమ్మన చదరంగమాడి మెప్పు పొందెనని చాటుపద్య సంప్రదాయము చెప్పుచున్నది. చదరంగమునకు రాజున్నాడు, కవి యున్నాడు, గ్రంథమున్నది. పులిజూదమునకు బండయే గ్రంథము. గుడిలో హారతి వేళకై, సత్రములో వంట ముగియుటకై, బకింగ్‌హాం కాలువ లాకుల యొద్ద ఒకప్పుడు పడవ కదలుటకై, ఎక్కడ మనుష్యులకు ఎదురుచూపు తప్పదో అక్కడనెల్ల ఇట్టి ఆటకు తావు దొరకును. కొనవలసిన దేమియు లేదు. ఒక బొగ్గుముక్క, పదునెనిమిది రాళ్లు చాలును.

ఈ ఆట మన ఒక్కరిది కాదు. తమిళులకిది ఆడుపులి ఆట్టము. కన్నడిగులకు ఆడు హులి ఆట. హిమాలయముల దాపున నేపాళములో బాఘ్‌చాల్ అను ఆట కలదు. అందులో చతురస్రపు పటము, 25 కూడళ్లు, 4 పులులు, 20 మేకలు. సింహళములో చిఱుతపులుల ఆటలున్నవని హెన్రీ పార్కర్ 1909లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను. ఐరోపాలో నక్క, బాతుల ఆట కలదు. ఆంగ్ల రాజగు నాలుగవ ఎడ్వర్డు కొలువు లెక్కలలో 15వ శతాబ్దమున వెండికి పసిడి పూత పూసిన రెండు నక్కలకును, 26 వేటకుక్కలకును సొమ్ము చెల్లించినట్లు వ్రాసియున్నది. అనగా ఒక్కొక్క నక్కకు 13 కుక్కల చొప్పున రెండు జతలు. బలవంతుడు కొద్దిమంది, బలహీనులు పెక్కుమంది అను ఈ తెగ ఆటలన్నింటికిని హెచ్.జె.ఆర్. మర్రే 1952లో ప్రకటించిన చరిత్రగ్రంథమున వేట ఆటలని ఒక ప్రత్యేక ప్రకరణమే కలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న: లోపములు. మాకు నాలుగు కనబడుచున్నవి.

మొదటిది ఆరంభములోని లోపము. ఒక మేకను పులి దూకి చంపవలెనన్నచో, మేకకు ఈవల పులియు, అదే గీతలో ఆవల ఖాళీయు ఉండవలెను. కాబట్టి గీత ఆగిపోవు మూలలలో కూర్చున్న మేకను ఏ పులియు తాకలేదు. మన పటములో అట్టి మూలలెన్ని? ఇరుప్రక్కల నిలువుగీతల పై కొనలు రెండు, క్రింది కొనలు రెండు, త్రికోణపు అడుగు మూలలు రెండు, మొత్తము 6. (పై కొన ఏడవది, అచట మొదటినుండియు పులి కూర్చున్నది.) కనుక మేకలవాడు మొదటి 6 మేకలను ఆలోచన లేకుండ ఆ ఆరు మూలలలో పెట్టివేయవచ్చును. ఆట ఆరంభమింత యాంత్రికముగ నడచుట కూర్పులో లోపమేనని ఎవరికైన తోచును.

అయితే ఆడి చూచినవారికి ఆ మూలలలోనే ఒక మెలిక దొరకును. పులిని కట్టుటకు ఎన్ని కాయలు కావలెనో లెక్కింపుడు. నడిమి అడ్డగీతమీద లోపలి కూడలిలో నిలిచిన పులికి నాలుగు దిక్కుల నాలుగు దారులు. ఒక్కొక్క దారిలో దగ్గఱి కూడలియు, దాని ఆవలి కూడలియు మూసివేసినగాని అది ఆగదు. అనగా 8 కాయలు. మూలనున్న పులికి దారులు రెండే. 4 కాయలు చాలును. మేకకు ఏ మూల కోటయో, పులికి ఆ మూలయే గోరీ. మేకలవాడు భయపడి ఆరు మూలలను తన మేకలతోనే నింపినచో, పులిని పడవేయదగిన ఆరు గుంటలను తానే పూడ్చుకొన్నవాడగును. తక్కిన 9 మేకలతో, మిగిలిన 17 కూడళ్ల నడుమ, అనుకూలము కాని చోట్లనే పులులను కట్టవలసివచ్చును. భద్రతకును విజయమునకును ఒకే చోటు కారణమై, రెండును ఒకేసారి దక్కకపోవుట ఈ ఆటలోని లోతు. పిల్లవాడు మొదటి పది ఆటలలో మూలలు నింపును. పదునొకండవ ఆటలో ఒక మూలను ఖాళీగ వదలుట నేర్చును. లోపమని మనము తలచినది పాఠముగ మాఱుట అప్పుడే.

రెండవది తూకములోని లోపము. వేషములు వేఱైనప్పుడు బలములు సమముగ నుండునన్న పూచీ లేదు. చదరంగములో తెలుపు, నలుపు ఒకే బలము గలవి గనుక తగవు తక్కువ. ఇచట 15 మేకలకు బదులు 14 ఉన్నచో ఏమగును? 16 ఉన్నచో? ఐరోపావారికిని ఈ బాధ తప్పలేదు. మొదట నక్కకు ఎదురుగ 13 బాతులే యుండెడివి. తరువాతి కాలమున అవి 15, 17 అయ్యెను. సంఖ్య మార్చినప్పుడెల్ల బాతుల నడకమీద క్రొత్త నిర్బంధములు వచ్చెను. తక్కెడలో ఒకప్రక్క వేసిన రాయికి రెండవప్రక్క మఱొక రాయి వేయవలసి వచ్చుట వంటిదిది.

మనవారు దీనికి కనుగొనిన ఉపాయము అన్నింటికంటె సులభమైనది. ఆట ముగియగానే స్థానములు మార్చుకొందురు. ఇప్పుడు పులులాడినవాడు తరువాత మేకలాడును. మొదటి ఆటలో నీవు ఎన్ని మేకలను చంపితివి, రెండవ ఆటలో నేనెన్ని చంపితిని అని సరిచూచుకొందురు. పటములో తూకము లేకున్నను ఆటగాండ్ర నడుమ తూకము నిలిచినది. ఒక ఆటను ఒంటరిగ చూచినచో అది అన్యాయము. రెండింటిని జతగ చూచినచో న్యాయము.

మూడవది ముగింపులోని లోపము. నేర్పరులిద్దఱు కూర్చున్నచో పులి రెండు కూడళ్ల నడుమ ముందుకు వెనుకకు ఊగుచుండును. మేకయు అట్లే ఊగును. ప్రొద్దుగుంకినను ఆట తెమలదు. నేపాళపు ఆటలో ఈ చిక్కును తప్పించుటకు, మేకలన్నియు దిగిన తరువాత ఒకసారి వచ్చిన స్థితి మరల రాగూడదను నియమము పెట్టుకొనిరి. ఆ ఆటను లిమ్ యూ జిన్, యూర్గ్ నీవర్‌గెల్ట్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు గణనయంత్రములతో శోధించి, ఉభయులును తప్పు చేయకుండ ఆడినచో అది సమముగనే ముగియునని నిరూపించిరి. ఆ వ్యాసము 2009లో వెలువడినది. ఇది 25 కూడళ్ల పటమునకు సంబంధించిన సిద్ధాంతము. మన 23 కూడళ్ల ఆటకు దానిని అంటగట్టరాదు. కాని పామర వినోదమని తలచిన ఆట తెగకు గెలుపోటముల నిజము తేల్చుటకు యంత్రములు శ్రమింపవలసివచ్చినదన్న సంగతి గమనింపదగినది.

నాలుగవది అన్నింటికంటె పెద్దది. నియమములు వ్రాసి లేవు. 15 మేకలును దిగకముందు మేక కదలవచ్చునా? పులి ఒక్క ఎత్తులో వరుసగ రెండు మూడు దూకులు దూకవచ్చునా? చంపుటకు వీలున్నప్పుడు చంపియే తీరవలెనా, మానుకొనవచ్చునా? ఎన్ని మేకలు పోయినచో ఆట ముగిసినట్లు? ఒక ఇంటివారు ఒక విధముగ చెప్పుదురు. పొరుగు ఊరివారు మఱొక విధముగ చెప్పుదురు. పెండ్లిండ్లలో ఇరుపక్షముల బంధువులు కూర్చుని ఆడినచో ఆటకంటె ముందు వాదమే నడచుట అందఱికిని తెలిసినదే.

ఈ భేదములను చూచి, పూర్వులకు క్రమము తెలియదని తీర్మానించుట తగదు. ఒక్కొక్క ఊరి నియమములు ఒక కట్టగ నుండును. పులికి వరుస దూకులు ఇచ్చిన ఊరిలో, మేకలకు మొదటినుండియు నడచు స్వేచ్ఛ నిచ్చియుండవచ్చును. మేకలను కదలనీయని ఊరిలో, పులికి ఒక్క దూకే యుండవచ్చును. ఒకదాని బరువును మఱొకటి మోయుచున్నది. ఒక ఊరినుండి పులి నియమమును, ఇంకొక ఊరినుండి మేక నియమమును తెచ్చి కలిపినచో రెండూళ్లలోను లేని క్రొత్త అన్యాయము పుట్టును. అపుడు ఆటనే నిందింతుము.

ఇట్లు నిజముగ జరిగిన ఉదాహరణము ఒకటి విదేశములలో కలదు. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు 1732లో ఉత్తరపు మంచుసీమలగు లాప్‌లాండులో సంచరించుచు, అచటి జనులు ఆడుచున్న తబ్లుతు అను ఆటను తన దినచర్యలో లాటిను భాషలో వ్రాసికొనెను. 9 వరుసల పటము నడుమ ఒక రాజు, అతనికి 8 మంది అంగరక్షకులు, చుట్టును 16 మంది శత్రువులు; రాజు అంచునకు తప్పించుకొని పోవలెను. ఇదియు పులిజూదము వలెనే రెండు వేషముల ఆట. ఆ దినచర్య 1811లో ఆంగ్లములో అచ్చైనది. అనువాదములో ఒక నియమము తారుమాఱైనది. సింహాసనము విడిచి దూరమున నున్నప్పుడు రాజును గూడ తక్కిన కాయలవలె ఇద్దఱు శత్రువులు ఇరుప్రక్కల నిలిచి పట్టుకొనవచ్చునని మూలములో నుండగా, అనువాదములో రాజునకు ఎల్లప్పుడును మినహాయింపు ఉన్నట్లు తేలినది. 1913లో మర్రే పండితుడును ఆ అనువాదమునే ఆధారము చేసికొనెను. ఫలితముగ పుస్తకము చూచి ఆడినవారందఱికిని అది ఒంటిప్రక్క మొగ్గిన ఆటగ కనబడినది. రాజపక్షము సులువుగ గెలుచుచుండెను. తరువాతి కాలమున లాటిను మూలమును మరల శ్రద్ధగ చదివినప్పుడుగాని తప్పు బయటపడలేదు. ఆట చెడ్డది కాదు. ఆడువారి పరంపర తెగిపోయి, ఒక్క వాక్యము చెడినందున ఆట చెడినది.

పరంపర తెగినచో మన పులిజూదమునకును ఇదియే గతి. పటము రాతిమీద నున్నది గనుక నిలుచును. నియమములు మనుష్యులలో నున్నవి గనుక మనుష్యులతో పోవును.

ఇక రెండవ ప్రశ్న: మరల మరల ఎందుకు ఆడవలెను? కథ చెప్పు ఆటలకు కథ తెలిసినంతనే పస తగ్గును. చిక్కుముడి ఆటలకు ముడి వీడినంతనే పని తీరును. పులిజూదములో కథ లేదు, ముడికి ఒకే విడుపు లేదు. దీనిని నిలిపినది వేషమార్పిడియని మా అభిప్రాయము. పులులాడువానికి ఓపిక కావలెను. కనబడిన మేకనెల్ల తినబోయి నడుమ చోటు విడిచిన పులి, అంచున చిక్కుకొనును. మేకలాడువానికి పొందిక కావలెను. వెనుక తోడున్న మేకను పులి దూకలేదు. ఒంటిగ నిలిచిన మేక ఎంత ముందున్నను ఆహారమే. ఒక్కొక్కప్పుడు ఒక మేకను ఎరగా విడిచి పులిని అంచునకు రప్పింపవలెను. ఆ నష్టమును కన్నులార చూచి సహింపవలెను. ఒకే మనుష్యుడు ఒకే సాయంకాలమున ఈ రెండు బుద్ధులను మార్చి మార్చి ధరింపవలసి వచ్చును. పులిగ నున్నప్పుడు మేకల భయమును చూచి నవ్వినవాడు, గడియలోపల తానే ఆ భయమును అనుభవించును. ప్రతి వేషమును రెండవ వేషమునకు విమర్శ. అందుచేత ఆట ముగిసినను వాదము ముగియదు. వాదము తీరుటకు మఱొక ఆట వేయవలసివచ్చును.

చేతిఫోనులలోను నేడు ఈ ఆట దొరకుచున్నది. అది సంతోషకరమే. ఎదుట మనిషి లేకున్నను ఆట సాగును; దూరమున నున్న బిడ్డలకు పరిచయమగును. కాని యంత్రములో ఒక్క నియమావళియే యుండును. అది ఏ ఊరిదో చెప్పబడదు. రానురాను అదియే అసలైనదని తలంపు స్థిరపడి, మీ తాత ఊరి నియమము తప్పన్నంతవఱకు పోవచ్చును. మఱొక ప్రక్క పాత మంటపములకు మరమ్మతులు జరుగునపుడు నేలబండలు మార్చుటయో, వానిపై క్రొత్త పలకలు పఱచుటయో జరుగుచుండును. అక్షరములున్న బండను శాసనమని ప్రక్కకు తీసి కాపాడుదురు. గీతలున్న బండను కాపాడవలెనన్న ఆలోచన అందఱికిని రాదు. రాయియు పోయి, మాటయు పోయినచో ఇక విచారించుటకు ఏమియు మిగులదు.

కావున రేడియో యున్న ప్రతి ఇంటిలోను ఇది చేయదగిన పని. ఇంటిలోని పెద్దలను, ముఖ్యముగ పల్లెలలో బాల్యము గడిపిన అమ్మమ్మలను, తాతలను కూర్చుండబెట్టి, గచ్చుమీద సుద్దముక్కతో పటము గీయింపుడు. వారు ఎన్ని కూడళ్లు గీసిరో, పులులను మొదట ఎచట నిలిపిరో, మేకలు ఎప్పుడు నడచునో, వరుస దూకులు చెల్లునో చెల్లవో, తినుట విధియో ఐచ్ఛికమో, ఎన్ని మేకలతో ఆట ముగియునో, ఊగిసలాటకు ఏమి మందు వేసిరో అడిగి, ఊరి పేరుతో సహా ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుడు. రెండు ఊళ్ల మాటలు పొసగకున్నచో సరిదిద్దక రెండింటిని వేఱువేఱుగ వ్రాయుడు. ఊరి గుడిలోనో రచ్చబండమీదనో పటమున్నచో దానిని కొలిచి, ఒక ఛాయాచిత్రము తీసియుంచుడు. మరమ్మతు తలపెట్టినప్పుడు ధర్మకర్తలకు ఆ బండను చూపుడు.

వ్రాసికొనుట ముగిసిన పిమ్మట పుస్తకము మూసి ఆటకు కూర్చుండుడు. మొదటి ఆటలో పులులను పిల్లలకిండు, మేకలను పెద్దలకిండు. రెండవ ఆటలో మార్చుకొనుడు. రెండు ఆటలలోను చచ్చిన మేకలను లెక్కించి, ఆ లెక్కను గూడ అదే పుట చివర వ్రాయుడు.